విడిపోయిన దేశంలో ఉండిపోయినవాళ్ళు



2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన రెఫరెండంలో ఎవరికి ఓటుందో, ఎవరికి లేదో చూస్తే ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయంలోని చిక్కు చాలావరకు అర్థమవుతుంది. ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా, బయటికి రావాలా అన్నది ప్రశ్న. పార్లమెంటు ఎన్నికల్లో ఓటుహక్కుకు ఉన్న నియమాలనే కొద్ది మార్పులతో దానికీ వాడారు. ఆ నియమాల ప్రకారం బ్రిటన్‌లో నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటుంది. గుంటూరు నుంచో వరంగల్ నుంచో ఎంఎస్ చదవడానికి వెళ్ళి, విద్యార్థి వీసా మీద ఏడాదిగా ఉంటున్న భారత పౌరుడు పేరు నమోదు చేయించుకుని ఉంటే నిక్షేపంగా ఓటు వేయవచ్చు. 2004లో పోలండ్ నుంచి వచ్చి, పన్నెండేళ్ళుగా పన్నులు కడుతూ, పిల్లల్ని అక్కడి బడిలోనే చదివించుకుంటున్న కార్మికుడికి మాత్రం ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులను మినహాయిస్తే, ఆ ఫలితంతో ఎవరి నివాసం ప్రశ్నార్థకమవుతుందో వాళ్ళెవరి మాటా అడగలేదు. అడగడం అసాధ్యమేమీ కాదు. రెండేళ్ళ ముందు, 2014లో, స్కాట్లండ్ స్వాతంత్ర్యంపై జరిగిన రెఫరెండంలో అక్కడ నివసించే సమాఖ్య పౌరులకు ఓటిచ్చారు. 2016లో ఇవ్వలేదు. 51.9 శాతం మంది బయటికి రావాలన్నారు, 48.1 శాతం మంది ఉండాలన్నారు. తెల్లవారేసరికి లక్షల కుటుంబాలు తమ ప్రమేయం లేకుండానే ఒక బేరంలో వస్తువులయ్యాయి.

ఒక దేశం రాజకీయ సమాఖ్యను విడిచి వెళ్ళినప్పుడు, ఆ సమాఖ్య నియమాలను నమ్ముకుని అంతకుముందే వచ్చి స్థిరపడినవాళ్ళ నివాసహక్కు ఏమవుతుంది? అది అప్పటికే ఉన్న హక్కు కాబట్టి చట్టమే దాన్ని నేరుగా కొనసాగించాలని నా వాదన. ప్రభుత్వం ఇచ్చే పత్రం ఆ హక్కుకు రుజువు కావచ్చు, మూలం కాకూడదు. పేరు నమోదు చేసుకోమని ప్రభుత్వం అడగవచ్చు, గడువు పెట్టవచ్చు, గడువు దాటితే జరిమానా కూడా వేయవచ్చు. నమోదు చేసుకోలేదన్న కారణంతో ఉండే హక్కునే తీసేయడానికి మాత్రం వీల్లేదు. జనన ధ్రువపత్రం తీసుకోని బిడ్డ పుట్టనట్టు కాదు కదా. వినడానికి ఇది న్యాయశాస్త్రంలోని ఒక సన్నని తేడాలా అనిపిస్తుంది. ఆ సన్నని తేడా దగ్గరే మనుషులు జారిపడ్డారు. గత 35 ఏళ్ళలో ఐరోపాలోనే ఇది రెండుసార్లు జరిగింది. అంతకుముందు మన సముద్రానికి అవతలి ఒడ్డున కూడా జరిగింది.

ముందుగా ఆ హక్కు ఎలాంటిదో చూద్దాం. సమాఖ్యలోని ఒక దేశ పౌరుడు మరో దేశానికి వెళ్ళి పని చేసుకోవచ్చు, అక్కడే ఉండవచ్చు. అది ఆ దేశం దయతో ఇచ్చిన వీసా కాదు, ఒప్పందం నుంచి నేరుగా వచ్చిన హక్కు. 1976లో రోయే కేసులో ఐరోపా న్యాయస్థానం దీన్ని తేటతెల్లం చేసింది. ఫ్రాన్స్ పౌరుడొకరు బెల్జియంలో ఉంటూ అక్కడి నివాస లాంఛనాలు పూర్తి చేయలేదు. బెల్జియం ఆయన్ని వెళ్ళగొట్టింది. నివాసహక్కు ఒప్పందం నుంచి పుట్టిందనీ, నివాస పత్రం ఆ హక్కును చూపేదే తప్ప ఇచ్చేది కాదనీ, లాంఛనాలు పాటించనందుకు తగుమాత్రపు శిక్ష వేయవచ్చు గానీ దేశం నుంచి పంపించకూడదనీ న్యాయస్థానం తేల్చింది. తర్వాత 2004లో వచ్చిన ఆదేశం ప్రకారం ఐదేళ్ళు చట్టబద్ధంగా ఉన్నవారికి శాశ్వత నివాసహక్కు దానంతటదే వస్తుంది, దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా. కాబట్టి 2016 నాటికి బ్రిటన్‌లో ఉన్న ఇటాలియన్ నర్సు గానీ, రొమేనియా మేస్త్రీ గానీ ఏ కాగితమూ లేకుండా ఉన్నారంటే నిర్లక్ష్యంగా ఉన్నారని కాదు. కాగితం అక్కర్లేని వ్యవస్థలోకి వాళ్ళను ఆహ్వానించారు. తూర్పు ఐరోపా దేశాలు సమాఖ్యలో చేరిన 2004లో మొదటిరోజు నుంచే తమ ఉద్యోగ విపణిని తెరిచిన మూడు దేశాల్లో బ్రిటన్ ఒకటి. మిగతా రెండు ఐర్లండ్, స్వీడన్.

రెఫరెండానికి ముందు ఈ సంగతి విడిపోదామన్నవాళ్ళకూ తెలుసు. 2016 జూన్ 1న బోరిస్ జాన్సన్, మైకేల్ గోవ్, ప్రీతి పటేల్ తదితరులు సంతకం చేసిన ప్రకటనలో, అప్పటికే చట్టబద్ధంగా ఉంటున్న సమాఖ్య పౌరులకు ఏ మార్పూ ఉండదనీ, వాళ్ళకు శాశ్వతంగా ఉండే అనుమతి దానంతటదే వస్తుందనీ మాటిచ్చారు. గెలిచాక ఆ మాట మెత్తబడింది. విదేశాల్లో ఉన్న బ్రిటిష్ పౌరుల సంగతి తేలేదాకా వీళ్ళకు హామీ ఇవ్వలేమన్నారు. 2017 మార్చి 1న ప్రభువుల సభ 358 – 256 ఓట్ల తేడాతో, వీళ్ళ హక్కులకు ముందే హామీ ఇవ్వాలని, విడిపోయే నోటీసుకు అనుమతినిచ్చే బిల్లుకు సవరణ చేసింది. రెండు వారాలు తిరక్కుండానే దిగువ సభ దాన్ని కొట్టేసింది. ఆ నెల 29న విడిపోతున్నట్టు నోటీసు ఇచ్చారు. దిగువ సభ ఆ రోజు సవరణను ఒప్పుకుని ఉంటే నేనిప్పుడు చెప్పబోయే చిక్కుల్లో సగం ఉండేవి కావు.

బేరం చివర కుదిరిన విడాకుల ఒప్పందం నిజానికి చెడ్డదేమీ కాదు. 2020 డిసెంబర్ 31 నాటికి ఇటు ఉన్నవాళ్ళకూ, అటు ఉన్నవాళ్ళకూ నివాసం, ఉద్యోగం, వైద్యం, పింఛను హక్కులు జీవితాంతం కొనసాగుతాయని అది రాసింది. అందులోని 18వ అధికరణం ప్రతి దేశానికీ రెండు దారులు చూపింది. ఒక దారిలో కొత్త హోదాకు దరఖాస్తు పెట్టుకోవాలి, మంజూరైతేనే హోదా. రెండో దారిలో షరతులకు తగినవారికి హోదా చట్టరీత్యా ఉన్నట్టే, కావాలంటే దానికి రుజువుగా పత్రం తీసుకోవచ్చు. సమాఖ్యలో మిగిలిన 27 దేశాల్లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్ సహా 13 దేశాలు మొదటి దారి పట్టాయి. జర్మనీ, స్పెయిన్, ఇటలీ, పోలండ్, ఐర్లండ్ సహా 14 దేశాలు రెండో దారి పట్టాయి. బ్రిటన్ మొదటిదే ఎంచుకుంది. ఐదేళ్ళు ఉన్నవారికి సెటిల్డ్ స్టేటస్, అంతకన్నా తక్కువ ఉన్నవారికి ప్రీ-సెటిల్డ్ స్టేటస్ పేరుతో ఐదేళ్ళ అనుమతి. దరఖాస్తుకు ఆఖరి గడువు 2021 జూన్ 30.

ఆ పథకాన్ని ఊరికే తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. అంతకుముందు శాశ్వత నివాస పత్రం కోసం నింపాల్సిన ఫారం 85 పేజీలు ఉండేది. దాని స్థానంలో ఫోన్‌లో పాస్‌పోర్ట్ స్కాన్ చేసి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ ఇస్తే పన్నుల శాఖ రికార్డులు చూసి ఎన్నాళ్ళుగా ఉన్నారో కంప్యూటరే చెప్పే పద్ధతి వచ్చింది. మొదట 65 పౌండ్ల రుసుము పెట్టి, విమర్శలొచ్చాక 2019 జనవరిలో ప్రధాని థెరిసా మే దాన్ని రద్దు చేశారు. ఆరోగ్య బీమా ఉందా లేదా అని విద్యార్థులనూ గృహిణులనూ వేధించిన పాత షరతును పక్కన పెట్టారు. సందేహం ఉంటే ఒప్పుకునే వైపే మొగ్గమని అధికారులకు చెప్పారు. వలసల విషయంలో హోం ఆఫీస్ ఇంత ఉదారంగా ఉండటం అరుదు. గడువు నాటికి 60 లక్షల పైచిలుకు దరఖాస్తులు వచ్చాయి. అందులో 50 లక్షలకు మించి మంజూరయ్యాయి. ఇంతకన్నా విజయం ఏం కావాలని ప్రభుత్వం అడిగింది.

ఆ ప్రశ్నలోనే దానికి జవాబుంది. పథకం మొదలుపెట్టినప్పుడు అర్హులు 35 లక్షల నుంచి 41 లక్షల దాకా ఉంటారని అదే హోం ఆఫీస్ లెక్క వేసింది. వచ్చిన దరఖాస్తులు 60 లక్షలు. ఒకరే రెండుసార్లు పెట్టినవి కొన్ని తీసేసినా అంచనా ఘోరంగా తప్పిందన్నది స్పష్టం. దేశంలో ఎవరున్నారో ప్రభుత్వానికి తెలియదు. జనాభా రిజిస్టర్ లేని దేశంలో అది సహజమే. అయితే మొత్తం ఎంతమందో తెలియనప్పుడు ఎంతమంది మిగిలిపోయారో తెలిసే అవకాశం కూడా లేదు. లోపలికి వచ్చిన ప్రతి లక్షా పథకం ఘనతగా కనిపిస్తుంది. బయట ఉండిపోయినవాళ్ళు ఏ లెక్కలోకీ రారు. మరి వాళ్ళెవరు? పరిశోధకులూ సహాయ సంస్థలూ పదేపదే చెప్పిన జాబితా చూస్తే సోమరులు కనిపించరు. ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లలు, వాళ్ళ తరఫున దరఖాస్తు పెట్టాలని గుర్తులేని అధికారులు. నలభై యాభై ఏళ్ళ కిందట వచ్చి, పాత శాశ్వత నివాస పత్రం బీరువాలో ఉంది కాబట్టి ఇదంతా తమకు కాదనుకున్న ముసలివాళ్ళు. భర్త చేతిలో పాస్‌పోర్ట్ చిక్కుకున్న స్త్రీలు. మతిమరుపు జబ్బున్నవాళ్ళు. ఇంగ్లీషు చదవలేని కూలీలు. ఐదేళ్ళు దాటి చట్టబద్ధంగా ఉన్నవాళ్ళలో చాలామందికి అప్పటికే శాశ్వత హక్కు ఉంది. గడువు దాటిన క్షణాన వాళ్ళు ఏ తప్పూ చేయకుండానే అనుమతి లేనివాళ్ళయ్యారు. తగిన కారణం చూపితే ఆలస్యంగానైనా తీసుకుంటామన్న వెసులుబాటు ఉంది. 2023 ఆగస్టులో దాన్నీ బిగించారు. పథకం సంగతి తెలియదన్నది అప్పటినుంచి మామూలుగా చెల్లే కారణం కాదు. నిజానికి ఎక్కువమందికి ఉన్న కారణం అదే.

ఇలాంటి గడువు ఏం చేయగలదో చెప్పడానికి ఊహ అక్కర్లేదు, స్లొవేనియా ఉంది. ఆ ఉదాహరణ దగ్గర కాసేపు ఆగుతాను. వలస చట్టాలు రాసే ప్రతివారూ దాన్ని చదవాలని నా అభిప్రాయం, చదివిన దాఖలా మాత్రం తక్కువ.

యుగొస్లావియా ఆరు రిపబ్లిక్కుల సమాఖ్య. బోస్నియా, సెర్బియా, క్రొయేషియాల నుంచి గనులకూ ఫ్యాక్టరీలకూ పనికి స్లొవేనియాకు వచ్చినవాళ్ళు విదేశీయులు కారు. దేశమంతటికీ ఒకే పౌరసత్వం. దానికింద ప్రతివారికీ ఒక రిపబ్లిక్ పౌరసత్వం కూడా రిజిస్టర్‌లో రాసి ఉండేది గానీ, నిత్యజీవితంలో దానితో పనిపడేది కాదు. స్లొవేనియాలోనే పుట్టి పెరిగి, తండ్రి ఊరిని బట్టి మరో రిపబ్లిక్ జాబితాలో నమోదైనవాళ్ళు కూడా ఉన్నారు. 1990 డిసెంబర్‌లో స్వాతంత్ర్యంపై ప్రజాభిప్రాయ సేకరణకు ముందు, స్లొవేనియా శాసనసభ ఒక సదుద్దేశ ప్రకటన చేసింది. ఇక్కడ శాశ్వత నివాసం ఉన్న ఇతర రిపబ్లిక్కుల వాళ్ళు కోరుకుంటే పౌరసత్వం పొందవచ్చని అందులో ఉంది. 1991 జూన్ 25న స్వాతంత్ర్యం ప్రకటించి, కొత్త పౌరసత్వ చట్టంలోని 40వ సెక్షన్ కింద ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆరు నెలల్లో దరఖాస్తు పెట్టుకోమన్నారు. దాదాపు 1,70,000 మంది పౌరులయ్యారు. మాట నిలిచింది, పథకం నడిచింది.

1992 ఫిబ్రవరి 26న, దరఖాస్తు పెట్టనివాళ్ళకూ తిరస్కారం పొందినవాళ్ళకూ విదేశీయుల చట్టం వర్తించడం మొదలైంది. ఆ రోజు స్థానిక కార్యాలయాల్లోని శాశ్వత నివాసుల రిజిస్టర్ల నుంచి వాళ్ళ పేర్లు తీసేశారు. నోటీసు లేదు, ఉత్తర్వు చేతికివ్వలేదు, అప్పీలుకు దారి లేదు. తర్వాత ప్రభుత్వమే తేల్చిన లెక్క 25,671 మంది, అంటే 20 లక్షల జనాభాలో నూటికి ఒకరికి పైగా. డ్రైవింగ్ లైసెన్స్ మార్పించుకోవడానికో, బిడ్డ పుట్టుక నమోదు చేయించడానికో ఆఫీసుకు వెళ్ళినప్పుడు సంగతి తెలిసేది. తెచ్చిన గుర్తింపు కార్డులను అక్కడికక్కడే చెల్లకుండా చేసిన సందర్భాలున్నాయి. ఉద్యోగం పోయింది, వైద్యం పోయింది, పింఛను ఆగింది. కొందరిని సరిహద్దు దాటించి, అప్పటికి యుద్ధంలో ఉన్న ప్రాంతాల్లోకి పంపారు. ఎందుకు దరఖాస్తు పెట్టలేదని అడిగితే వచ్చిన జవాబులు చాలావరకు ఒకటే. ఇక్కడే పుట్టాం, శాశ్వత నివాసం రాసి ఉంది, అది చాలనుకున్నాం. కొందరికి కావలసిన పత్రాలు యుద్ధంలో తగలబడుతున్న ఊళ్ళలో ఉన్నాయి.

రాజ్యాంగ న్యాయస్థానం 1999లోనూ 2003లోనూ ఇది రాజ్యాంగ విరుద్ధమంది. ప్రభుత్వాలు కదల్లేదు. 2004లో హక్కులు పునరుద్ధరించే బిల్లు మీద రెఫరెండం పెడితే, ఓటు వేసిన మూడోవంతు కన్నా తక్కువమందిలో దాదాపు 95 శాతం వద్దన్నారు. చివరికి 2012 జూన్ 26న కురిచ్ కేసులో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం విశాల ధర్మాసనం స్లొవేనియాను తప్పుబట్టింది. నష్టపరిహార చట్టం వచ్చింది, పేరు చెరిపిన ప్రతి నెలకూ 50 యూరోలు. 2022లో, మూడు దశాబ్దాలు నిండినప్పుడు, అధ్యక్షుడు బొరుట్ పాహోర్ దేశం తరఫున క్షమాపణ చెప్పారు. పథకం నూటికి 87 మందికి పనిచేసింది. తక్కిన 13 మంది కోసం ఒక దేశం ముప్పై ఏళ్ళు తలదించుకోవాల్సి వచ్చింది. వాళ్ళకు పౌరసత్వం ఇవ్వకపోవడాన్ని న్యాయస్థానాలు ప్రధాన నేరంగా చూడలేదు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టలేదన్న నెపంతో అంతకుముందే ఉన్న నివాసహక్కును లాగేసుకోవడం, అదీ చెప్పకుండా లాగేసుకోవడం అసలు నేరం.

బ్రిటన్ స్లొవేనియాలా ప్రవర్తించిందని నేననడం లేదు. బ్రిటన్ ప్రచారం చేసింది, ఉత్తరాలు రాసింది, సహాయ సంస్థలకు డబ్బిచ్చింది, ఎవరినీ యుద్ధంలోకి నెట్టలేదు. రెండు పథకాల నిర్మాణం మాత్రం ఒకటే. ఉన్న హక్కును దరఖాస్తు మీద ఆధారపడే కొత్త హోదాగా మార్చడం, గడువు పెట్టడం, గడువు దాటినవాళ్ళను విదేశీయుల చట్టానికి అప్పగించడం. అధికారుల మంచితనం పడినవాళ్ళ సంఖ్యను తగ్గిస్తుంది. గోతిని పూడ్చదు.

దీనికి హోం ఆఫీస్ చెప్పే బలమైన సమాధానం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చట్టమే హక్కు ఇచ్చేస్తే, చేతిలో పత్రం లేనివాళ్ళు రేపు ఎలా రుజువు చేసుకుంటారు? విండ్‌రష్ తరం కథ అదే కదా అంటారు. 1948 నుంచి కరీబియన్ దీవుల నుంచి వచ్చి బ్రిటన్‌లో స్థిరపడినవాళ్ళకు, 1973 జనవరి 1న అమల్లోకి వచ్చిన చట్టం శాశ్వతంగా ఉండే హక్కు ఇచ్చింది, దరఖాస్తు అడగకుండానే. పత్రం మాత్రం ఇవ్వలేదు. నలభై ఏళ్ళ తర్వాత 2014, 2016 చట్టాలతో యజమానులూ ఇంటి ఓనర్లూ బ్యాంకులూ ఆసుపత్రులూ అందరూ పత్రాలు అడగడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు తల్లిదండ్రుల వెంట వచ్చి, అరవై ఏళ్ళు నిండినవాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, నిర్బంధంలోకి వెళ్ళారు, కొందరిని పుట్టిన దీవులకు పంపించేశారు. వాళ్ళ రాకకు రుజువైన ల్యాండింగ్ కార్డులను 2010లో హోం ఆఫీసే ధ్వంసం చేసింది. 2018 ఏప్రిల్‌లో హోం మంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేశారు. ఇంకో విండ్‌రష్ రాకూడదనే అందరి చేతా దరఖాస్తు పెట్టిస్తున్నాం అన్నది ప్రభుత్వ వాదన.

ఇక్కడ రెండు విషయాలను కలిపేస్తున్నారు. విండ్‌రష్ తరానికి 1973లో చట్టం హక్కు ఇవ్వడం వల్ల కీడు జరగలేదు. పత్రం ఇవ్వకుండా ఉండి, తర్వాత పత్రం లేనివాణ్ణి దొంగలా చూసే చట్టం చేయడం వల్ల జరిగింది. ఆ హక్కు చట్టంలో ఉంది కాబట్టే 2018లో కుంభకోణం బయటపడినప్పుడు ప్రభుత్వం తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. వాళ్ళది గడువు దాటిన దరఖాస్తు అయి ఉంటే, నిబంధన ప్రకారమే చేశామని చేతులు దులుపుకునేవాళ్ళు. రుజువు అందరికీ అందించాలనడం సబబే. దానికి రోయే తీర్పులోనే దారి ఉంది. నమోదు తప్పనిసరి చేయండి, ఉచితంగా పత్రం ఇవ్వండి, చేసుకోనివాళ్ళకు చిన్న జరిమానా వేయండి, హక్కు జోలికి మాత్రం వెళ్ళకండి. హక్కునీ రుజువునీ విడదీస్తే రెండూ బతుకుతాయి. జర్మనీ, స్పెయిన్‌లలో ఈ పద్ధతిలోనూ చిక్కులు లేకపోలేదు. కార్డు తీసుకోని బ్రిటిష్ పౌరులకు సరిహద్దుల్లోనూ కార్యాలయాల్లోనూ ఇబ్బందులు ఎదురయ్యాయి. ఇబ్బందిపడ్డవాడికి అక్కడ ఉండే హక్కు పోలేదు. కార్డు రేపైనా తెచ్చుకోవచ్చు. దీనికి భిన్నంగా డెన్మార్క్‌లో గడువు దాటిన బ్రిటిష్ పౌరులు దేశం విడిచి వెళ్ళాల్సిన పరిస్థితి వచ్చింది. గగ్గోలు పుట్టాక 2023లో ఆ ప్రభుత్వమే మళ్ళీ దరఖాస్తులకు అవకాశం ఇచ్చింది. గడువులకు ఇది స్వభావమేమో. మన దగ్గర 2014 రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు తరలేవారి స్థానికతకు మూడేళ్ళ గడువు పెట్టి, దాన్ని పలుమార్లు పొడిగించుకుంటూ పోయారు. అయితే అక్కడ ఎవరి నివాసానికీ ముప్పు లేదు, రాజ్యాంగం 19వ అధికరణం దేశమంతా ఉండే హక్కు ఇచ్చింది. చదువుల్లో, ఉద్యోగాల్లో వాటా ఒక్కటే ప్రశ్న. అంతమాత్రానికే ఒక్క గడువు చాల్లేదు.

మరో అభ్యంతరం సార్వభౌమత్వం గురించి. స్వేచ్ఛా రాకపోకలను ఆపమనే ప్రజలు ఓటు వేశారు. ఆ ఓటును గౌరవించవద్దా? గౌరవించాలి. బ్రిటన్ 2021 జనవరి 1 నుంచి కొత్తగా వచ్చేవాళ్ళకు స్వేచ్ఛా ప్రవేశాన్ని ఆపింది, అది దాని ఇష్టం. రేపు రాబోయేవాడి ఆశ వేరు, నిన్న వచ్చి ఇల్లు కట్టుకున్నవాడి హక్కు వేరు. విడిపోదామన్న శిబిరమే జూన్ 1న ఈ తేడా పాటిస్తామని చెప్పి ఓట్లు అడిగింది కాబట్టి, ఉన్నవాళ్ళను ఉంచడం ఆ తీర్పుకు వ్యతిరేకమనలేం. అంతర్జాతీయ చట్టం ఎలాగూ కాపాడుతుందిలే, దేశం ప్రత్యేకంగా రాయడమెందుకు అనే వాళ్ళు కూడా ఉన్నారు. ఆ భరోసా నిలవదు. ఒప్పందం రద్దయినా అంతకుముందు ఏర్పడిన హక్కులు పోవని అంతర్జాతీయ ఒప్పందాలపై వియన్నా ఒప్పందం 70వ అధికరణంలో ఉన్న మాట రాజ్యాల హక్కుల గురించేనని ఎక్కువమంది న్యాయకోవిదుల అభిప్రాయం. 2016 డిసెంబర్‌లో ప్రభువుల సభ కమిటీ ఒకటి ఇదంతా పరిశీలించి, ఆర్జిత హక్కుల సిద్ధాంతం ఈ మనుషులకు పెద్దగా అక్కరకు రాదని తేల్చింది. విడిపోయే దేశం తన చట్టంలో స్పష్టంగా రాస్తేనే రక్షణ.

ఇది ఐరోపావాళ్ళ గొడవ అనుకోవడానికి తెలుగువాళ్ళకు వీల్లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మా బ్రిటిష్ ఇండియా నుంచి విడిపోయింది. అప్పటిదాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి రంగూన్ ఓడరేవుకూ ధాన్యం మిల్లులకూ వెళ్ళిన లక్షలమంది ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పోయినట్టు పోయారు, పాస్‌పోర్ట్ ఊసే లేదు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మెతో మొదలై అల్లర్లుగా మారి వందమందికి పైగా చనిపోయిన ఘటన, ఆ వలస మీద బర్మా కార్మికుల్లో పేరుకున్న కోపాన్ని ముందే చూపింది. ఆ కోపానికి కారణాలు లేవని అనను. పెట్టుబడి అంతా పైవాళ్ళది, కూలి తగ్గింది ఇద్దరిదీ. విడిపోయేటప్పుడు అక్కడున్నవాళ్ళ నివాసం సంగతి శాశ్వతంగా తేల్చకుండా వాయిదా వేశారు. 1941లో ఒక వలస ఒప్పందం కుదిరింది గానీ జపాన్ దాడితో అది కాగితం మీదే ఉండిపోయింది. 1947 రాజ్యాంగం బర్మాలో స్థిరపడ్డ ఇతరులకు పౌరసత్వపు దారి చూపింది. 1942 జనవరి 1కి గానీ స్వాతంత్ర్యానికి గానీ ముందటి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు ఉన్నవారు, చట్టం చెప్పిన విధంగా, చెప్పిన సమయంలో కోరుకుంటున్నట్టు తెలపాలి. యుద్ధంలో కాలినడకన అస్సాం అడవులు దాటి పారిపోయినవాడు, రికార్డులు కాలిపోయినవాడు, వేలిముద్రగాడు ఎనిమిదేళ్ళు ఎలా చూపగలడు? భారతీయుల్లో ఎక్కువమంది పౌరసత్వం లేకుండానే, విదేశీయులుగా నమోదై మిగిలారు. 1964లో నె విన్ సైనిక ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేసినప్పుడు ఆధారం పోయి ఓడలెక్కింది ఎక్కువగా వీళ్ళే. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంప్ అన్న పేరు అలా వచ్చిందే. విడిపోయిన 1937లోనే, అప్పటికి ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉంటారని చట్టంలో ఒక్క వాక్యం రాసి ఉంటే 1964ను ఆపగలిగేదని చెప్పలేను. సైనిక ప్రభుత్వాలు వాక్యాలకు ఆగవు. అయినా వెళ్ళగొట్టడానికి విదేశీయులన్న ముద్ర వాళ్ళకు సిద్ధంగా దొరికేది కాదు.

తిరిగి బ్రిటన్‌కు వస్తే, ప్రీ-సెటిల్డ్ వాళ్ళ వ్యవహారం నా వాదనను న్యాయస్థానం దాకా తీసుకెళ్ళింది. ఐదేళ్ళ అనుమతి ముగిసేలోగా వాళ్ళు రెండోసారి దరఖాస్తు పెట్టాలి, లేకపోతే నివాసహక్కు పోతుందన్నది అప్పటి హోం ఆఫీస్ నియమం. 20 లక్షలకు పైగా మనుషులున్న వర్గమిది. విడాకుల ఒప్పందం కిందే ఏర్పడ్డ స్వతంత్ర పర్యవేక్షణ సంస్థ దావా వేసింది. 2022 డిసెంబర్ 21న హైకోర్టులో జస్టిస్ లేన్ తీర్పు చెప్పారు. ఒప్పందం కింద ఒకసారి వచ్చిన నివాసహక్కు ఆ ఒప్పందం చెప్పిన కారణాలతోనే పోతుందని, రెండో దరఖాస్తు పెట్టకపోవడం ఆ కారణాల్లో లేదని ఆయన తేల్చారు. మొదటి దరఖాస్తును ఈ తీర్పు ముట్టుకోలేదు, 18వ అధికరణం దానికి అనుమతించింది కాబట్టి. రెండోదానికి మాత్రం 1976 నాటి తర్కమే మళ్ళీ వర్తించింది.

ఆ తర్వాత హోం ఆఫీస్ చేసిన పనులు ఆసక్తికరం. 2023లో ప్రీ-సెటిల్డ్ అనుమతులను అడగకుండానే రెండేళ్ళు పొడిగించడం మొదలుపెట్టింది, 2024లో దాన్ని ఐదేళ్ళు చేసింది. 2025 జనవరి నుంచి, ఐదేళ్ళు నిండినవాళ్ళ పన్నుల రికార్డులు తానే చూసి, దరఖాస్తు లేకుండానే కొందరిని సెటిల్డ్ హోదాకు మార్చడం ప్రారంభించింది. దరఖాస్తు లేకుండా ఎవరికి హక్కుందో తెలుసుకోవడం కుదరదని ఐదేళ్ళు వాదించిన శాఖ ఇది. చేతిలో ఉన్నవి 2019లో ఉన్న రికార్డులే. మారింది నిరూపణ భారం. దాన్ని కోర్టు ఇటునుంచి అటు తిప్పింది.

ఇంకో కొసరు చిక్కు ఉంది, ఇది మనవాళ్ళకూ నేరుగా తగులుతుంది. సెటిల్డ్ స్టేటస్‌కు కార్డు ఇవ్వలేదు. హోదా ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది. యజమానికో ఇంటి ఓనర్‌కో ఒక కోడ్ పంపితే వాళ్ళు తెరిచి చూస్తారు. ఖాతా తెరుచుకోకపోయినా, పాస్‌పోర్ట్ మారి రికార్డు జతపడకపోయినా, హక్కు ఉండి కూడా చూపలేని స్థితి. ఐరోపావాళ్ళ మీద పరీక్షించిన ఈ పద్ధతిని బ్రిటన్ ఇప్పుడు ఈ-వీసా పేరుతో అందరికీ విస్తరించింది. లండన్‌లో, బర్మింగ్‌హామ్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ళలో చాలామంది పాత నివాస కార్డుల గడువు 2024 డిసెంబర్ 31తో ముగియడానికి కారణం అదే. వాళ్ళది మామూలు వీసా, ఒప్పందపు హక్కు కాదు. ఆ తేడాను నేను చెరపబోను. హక్కు వేరు, రుజువు వేరు అన్న సూత్రం మాత్రం వాళ్ళకూ వర్తిస్తుంది. కంప్యూటర్ చెప్పలేకపోయినప్పుడు నష్టం ఎవరు భరించాలన్నది చట్టంలో రాసి ఉండాలి.

పన్ను కట్టిన జాడ ఉన్నవాళ్ళను యంత్రం మార్చేస్తుంది. పన్ను కట్టే జీతం ఎన్నడూ లేని గృహిణి, సంరక్షణలో పెరిగిన పిల్లవాడు, రోజుకూలి చేతికందుకునే మనిషి, మొదటి గడువుకే దరఖాస్తు పెట్టని ముసలామె ఆ యంత్రానికి కనిపించరు. 2021లో జారిపోయినవాళ్ళు కూడా చాలావరకు వీళ్ళే. వాళ్ళు ఎన్నాళ్ళుగా ఉన్నారో నిరూపించే భారాన్ని ప్రభుత్వం తనమీద వేసుకుంటుందా, స్కూలు రికార్డులు, డాక్టరు రిజిస్టర్లు, కౌన్సిల్ పన్ను రసీదులు తానే వెతుకుతుందా అన్నదే మిగిలిన ప్రశ్న.